పాత ఎస్‌యూవీకి పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారా? విప్పే ముందు ఇవి చూడండి

ప్రశ్న: మాది 12 ఏళ్ల నాటి డీజిల్ ఎస్‌యూవీ, ఏడు సీట్లది, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. మామూలు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు కానీ కొండ రోడ్డు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. కూలెంట్ కూడా నెలకోసారి కొంచెం పోయాల్సి వస్తోంది. షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ పైభాగం విప్పాలి అంటున్నారు. చెప్పిన ఖర్చు బండి విలువలో మూడో వంతు ఉంది. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, కాదనను, కానీ విప్పకుండానే అది తేల్చే పరీక్షలు ఉన్నాయి. అవి చేశారో లేదో మీరు రాయలేదు. చేసి ఉంటే మీకు చెప్పేవారే.

రాత్రంతా ఆగిన బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకముందు రేడియేటర్ పై పైపును వేళ్లతో నొక్కి చూడండి, మెత్తగా ఉండాలి. స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే, ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే, ఆ పైపు రాయిలా బిగుసుకుపోతే సిలిండర్లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. మెకానిక్ దగ్గర ఇంకో పద్ధతి ఉంటుంది: రేడియేటర్ మూత తీసిన చోట ఒక గొట్టం పెట్టి, అందులో నీలం రంగు ద్రవం పోస్తారు. కూలెంట్‌లో పొగ గ్యాస్ ఉంటే అది డీజిల్ బండిలో ఆకుపచ్చకి, పెట్రోల్ బండిలో పసుపుకి మారుతుంది. పది నిమిషాల పని. (మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి, వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.) ఆయిల్ మూత కింద పాల మీగడలాంటిది కనిపించినా కంగారు పడకండి, దగ్గరి దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఉన్న ఆయిల్ కూడా పాలలా మారితేనే టెన్షన్ పడాలి.

ఇవన్నీ బాగుంటే మీ లక్షణాలను బట్టి నా అనుమానం ఫ్యాన్ మీద. మామూలు రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు గాలి తనంతట తానే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది. కొండ మీద తక్కువ వేగం, ఎక్కువ లోడు, అప్పుడు గాలి లాగాల్సింది ఫ్యానే. చాలా పాత పెద్ద బండ్లలో ఈ ఫ్యాన్ మధ్యలో సిలికాన్ ద్రవం నింపిన విస్కస్ కప్లింగ్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం కారిపోయి ఫ్యాన్ పట్టు కోల్పోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం తీసేసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. బరువుగా కదిలి వెంటనే ఆగాలి. గిరగిరా రెండు మూడు చుట్లు తిరిగితే కప్లింగ్ పోయినట్టే. కరెంటు ఫ్యాన్ అయితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఇంజిన్ ఆపాక కూడా అది ఉన్నట్టుండి తిరగొచ్చు.

నా బండికీ ఒకసారి అచ్చం ఇలాగే అయింది. ఒకచోట హెడ్ విప్పాలన్నారు. మనసొప్పక ఏసీ కండెన్సర్ బోల్టులు వదులు చేయించి, దాన్ని ముందుకి వంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మట్టి, ఎండుగడ్డి, పురుగుల రెక్కలు కలిసి దుప్పటిలా పేరుకుపోయి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపించేది! ఇంజిన్ వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టి కడిగితే ముల్లు మళ్లీ మధ్యకి వచ్చి నిలబడింది.

కాబట్టి ఖర్చు తక్కువ దాని నుంచి మొదలుపెట్టండి. రేడియేటర్ మూత అన్నిటికన్నా చవక, దాని స్ప్రింగ్ బలహీనపడితే కూలెంట్ బయటికి పోతుంది, మీకు నెలనెలా తగ్గుతున్నది అదే కావచ్చు. తర్వాత థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు), ఆ తర్వాత ఫ్యాన్ కప్లింగ్, వాటర్ పంపు, రేడియేటర్. కూలెంట్ బయట ఎక్కడా కారకుండా తగ్గుతుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) కూడా చెక్ చేయించండి, అది లోపల పగిలితే కూలెంట్ పొగతోపాటు వెళ్లిపోతుంది, కింద చుక్క కూడా పడదు. చివరికి హెడ్ విప్పక తప్పకపోతే ఒకటి తెలుసుకోండి: గ్యాస్కెట్ ధర ఆ బిల్లులో చిన్న భాగమే. విప్పి బిగించే లేబర్, హెడ్ అడుగును చదును చేసే ఫేసింగ్, చాలా ఇంజిన్లలో ఒక్కసారే వాడాల్సిన హెడ్ బోల్టులు, వీటివల్లే బిల్లు పెరుగుతుంది. పాత బోల్టులే బిగిస్తామంటే మీ ఇంజిన్‌కి అది కుదురుతుందో లేదో తయారీదారు సర్వీస్ పుస్తకం చూసి గానీ ఒప్పుకోవద్దు. అంతవరకు ముల్లు పైకి పోయినప్పుడు బండి పక్కన ఆపండి. ఎర్రగీత మీద ఇంకో రెండు కిలోమీటర్లు లాగితే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, అప్పుడు ఈ పరీక్షలతో పని ఉండదు.

ప్రశ్న: క్లచ్ జారుతోందని షెడ్డుకి ఇస్తే ఫ్లైవీల్ కూడా మార్చాలి అంటున్నారు. దాని ధర క్లచ్ సెట్టుకన్నా చాలా ఎక్కువ. మోసం చేస్తున్నారా?

జవాబు: అలా అనేయలేం. మీది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయి ఉంటుంది. రెండు బరువైన చక్రాలు, మధ్యలో స్ప్రింగులు, డీజిల్ ఇంజిన్ అదురును అది మింగేస్తుంది. ఆ స్ప్రింగులు అలసిపోతే ఇంజిన్ ఆపేటప్పుడు గడగడమని శబ్దం వస్తుంది. గేర్‌బాక్స్ దింపాక మిమ్మల్ని పిలిచి చూపించమనండి: రెండు చక్రాల మధ్య ప్లే ఎంతుంది, తయారీదారు ఇచ్చిన కొలత దాటిందా, గ్రీజు బయటికి చిమ్మిందా, వేడికి నీలం మచ్చలు పడ్డాయా. ఇవేవీ లేకపోతే ఉన్నదే ఉంచమనండి.

అసలు దండగ ఎక్కడంటే, 4x4 బండిలో గేర్‌బాక్స్ దింపాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె), దాని నుంచి వెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు కూడా విప్పాలి, చిన్న కారుకన్నా లేబర్ చాలా ఎక్కువ. అంత పనీ చేసి, రిలీజ్ బేరింగ్, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు మార్చకుండా మళ్లీ బిగించేస్తే, ఆరు నెలల తర్వాత ఆ సీలు కారడం మొదలైతే, చిన్న రబ్బరు రింగు కోసం అదే లేబర్ మొత్తం మళ్లీ కట్టాలి. దింపినప్పుడే ఈ రెండూ మార్పించుకోండి.

ప్రశ్న: తారు రోడ్డు మీద పట్టు బాగుంటుందని 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే గేరులో) నడుపుతున్నాను. మలుపు తిప్పితే బండి బిగదీసుకుని కుదుపులు ఇస్తోంది. ఏం పాడైంది?

జవాబు: ఇంకా ఏమీ పాడై ఉండకపోవచ్చు, వెంటనే 2హెచ్‌కి, అంటే రెండు చక్రాలకే శక్తి అందే గేరుకి, మార్చండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) లేని బండిలో 4హెచ్ వేస్తే ముందూ వెనకా ఒకే వేగంతో కట్టేసినట్టవుతుంది, బురదలో అయితే టైరు కొంచెం జారి సరిపోతుంది, పొడి తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

ప్రశ్న: గతుకుల్లో ముందు నుంచి టకటక శబ్దం, టైమింగ్ బెల్టు గడువు దాటింది, ఏసీ కూల్ రావడం లేదు, ఒక ఇంజెక్టర్ అనుమానం, టైర్లు కూడా పాతవే. అన్నీ ఒకేసారి చేయించే స్థోమత లేదు. బండి ఉంచుకోవాలా, అమ్మేయాలా?

జవాబు: డబ్బు పెట్టే ముందు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, చూపించండి. స్క్రూడ్రైవర్ పిడితో పట్టీల పొడవునా తట్టుకుంటూ వెళ్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తినేసిన చోట డొల్లగా, మందంగా పలుకుతుంది. ముఖ్యంగా వెనక స్ప్రింగులు కూర్చునే చోట, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట చూడండి. అక్కడ తుప్పు లోపలిదాకా పోయి ఉంటే నేనైతే మిగతా వాటి మీద పైసా పెట్టను.

ఛాసిస్ గట్టిగా ఉంటే మొదట ఆ టకటక సంగతి తేల్చండి. స్టెబిలైజర్ లింక్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి కలిపే చిన్న లింకు) అయితే చవక, కొన్నాళ్లు ఆగినా పర్వాలేదు. బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) అయితే ఒక్క రోజు కూడా ఆగకూడదు, అది ఊడితే నడుస్తుండగానే చక్రం పక్కకి వాలిపోతుంది. చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక బేరింగ్‌దో బాల్ జాయింట్‌దో అవుతుంది, ఎడమా కుడీ ఊపితే కదిలేది సాధారణంగా టై రాడ్, అంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి, 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైనదని. అంత పాతవైతే గాడి ఎంత మిగిలి ఉన్నా మార్చేయండి, రెండు టన్నుల బండి అది.

తర్వాత టైమింగ్ బెల్టు. తెగితే డీజిల్ ఇంజిన్లో పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయాల్సి వస్తుంది. బెల్టుతోపాటు టెన్షనర్ మార్పించండి, వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగేదైతే అదీ మార్పించండి, లేబర్ కలిసొస్తుంది. ఇంజెక్టర్ కొనే ముందు నాలుగింటికీ రిటర్న్ లీక్ పరీక్ష (ఒక్కోదాని నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను సీసాలో పట్టి చూడటం) చేయించండి, నాలుగు సీసాల్లో ఏది ముందు నిండుతుందో దానిదే లోపం. ఏసీ చివర్న చూసుకుందాం. ముందు ఛాసిస్ ఎలా ఉందో చూసి రాయండి, ఉంచడమా అమ్మడమా అన్నది అప్పుడు తేల్చుకుందాం.