ఐర్లండ్‌లో కౌన్సిలర్ పార్టీ మాట వినకపోతే పదవి పోతుందా? అతన్ని ఓటర్లు ఎలా నిలదీయాలి?

ప్రశ్న ఇదీ: "మేం డబ్లిన్‌లో ఉంటున్నాం. స్థానిక ఎన్నికల్లో మాకూ ఓటుంది. మా ఏరియాలో గెలిచిన కౌన్సిలర్ ప్రచారంలో ఒకటి చెప్పి, సమావేశంలో పార్టీ చెప్పినట్టు చెయ్యెత్తాడు. పార్టీ విప్‌ను ధిక్కరిస్తే అతని పదవి పోతుందా? మధ్యలో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?"

పదవి పోదు. ఐర్లండ్‌లో ఫిరాయింపుల నిరోధక చట్టమే లేదు, కౌన్సిళ్లకే కాదు, పార్లమెంటు దిగువ సభ డాల్‌కు కూడా లేదు. మన దగ్గర జడ్పీ చైర్మన్, మేయర్ ఎన్నికల్లో విప్ ధిక్కరిస్తే సభ్యత్వం ఊడుతుంది కాబట్టి అక్కడా అలాగే ఉంటుందనుకుంటాం. అక్కడ పార్టీ చేయగలిగిందల్లా తన గ్రూపు నుంచి బయటకు పంపడం, ఇచ్చిన కమిటీ కుర్చీ లాక్కోవడం, వచ్చేసారి టికెట్ ఇవ్వకపోవడం. సీటు మాత్రం అయిదేళ్లూ ఆయనదే. కాబట్టి "పార్టీ ఆదేశం, నా చేతుల్లో ఏముంది" అని ఏ కౌన్సిలరైనా అంటే నమ్మకండి. ఉంది. దానికి మూల్యం చెల్లించడం ఇష్టం లేదంతే.

అయితే ఏ విషయంలో నిలదీస్తున్నారో ముందు తేల్చుకోవాలి. సగం కోపాలు అసలు కౌన్సిలర్ చేతిలో లేని పనుల మీద వృథా అవుతుంటాయి. 2014 సంస్కరణలు 80 పట్టణ కౌన్సిళ్లను రద్దు చేశాక దేశం మొత్తానికి మిగిలినవి 31 కౌన్సిళ్లు, 949 మంది కౌన్సిలర్లు. వీటిలో రోజువారీ అధికారం ఎన్నికైనవాళ్లది కాదు, చీఫ్ ఎగ్జిక్యూటివ్ అనే అధికారిది. మన మున్సిపల్ కమిషనర్ లాంటివాడే, కాకపోతే బలం ఎక్కువ. ఒక ఇంటికి ప్లానింగ్ అనుమతి (నిర్మాణ అనుమతి) ఇవ్వాలా వద్దా, కౌన్సిల్ అద్దెకిచ్చే ఇల్లు ఎవరికి కేటాయించాలి, ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి: ఇవన్నీ ఆయన పరిధి. కౌన్సిలర్ సిఫారసు లేఖ రాయగలడు, ఫైలు ఎంతవరకొచ్చిందో కనుక్కోగలడు. అంతకు మించి ఏమీ లేదు. స్థానిక ప్రభుత్వ చట్టంలోని సెక్షన్ 140 కింద అధికారికి ఫలానా పని చేయమని సభ్యులు తీర్మానంతో ఆదేశించవచ్చు గానీ, ప్లానింగ్ అనుమతుల విషయంలో 2014 తర్వాత ఆ దారి కూడా మూసేశారు.

కాబట్టి "మీ గ్రాంటు నేనే ఇప్పించాను" అని కరపత్రం వేసే కౌన్సిలర్‌ను రెండుసార్లు చూసి ఒకసారి నమ్మండి. అర్హత ఉంటే ఆ గ్రాంటు ఆయన లేకపోయినా వచ్చేదే.

మరి కౌన్సిలర్ ఓటుకు నిజంగా విలువున్న చోట్లేవి? నా లెక్కలో నాలుగైదు. మొదటిది బడ్జెట్. ముసాయిదా అధికారి తయారుచేస్తాడు, ఆమోదించేది సభ్యులు. వ్యాపార సంస్థల మీద పడే పన్ను, అంటే అక్కడివాళ్లు "రేట్లు" అనేది కూడా ఆ సమావేశంలోనే తేలతాయి. బడ్జెట్ ఆమోదించకపోతే మంత్రి కౌన్సిల్‌నే రద్దు చేయవచ్చు. 1969లో డబ్లిన్ కౌన్సిల్‌కు అలాగే జరిగింది, రేట్లు సరిపడా వేయలేదని సభ్యులను ఇంటికి పంపేశారు. ఆ భయం చూపించి చివరి నిమిషంలో "సరే, కానివ్వండి" అనిపించడం అధికారులకు మామూలే.

రెండోది ఆస్తిపన్ను. ఏటా శరదృతువులో స్థానిక ఆస్తిపన్ను రేటును పెంచాలా, తగ్గించాలా, ఉన్నచోటే ఉంచాలా అన్నది కౌన్సిలర్లే తేల్చాలి. మొదట పెట్టిన పరిమితి అటూ ఇటూ 15 శాతం. పార్టీ రంగు ఇక్కడ బాగా బయటపడుతుంది. తగ్గిస్తే ఒక్కో ఇంటికి మిగిలేది కొద్ది యూరోలే, కౌన్సిల్ మొత్తానికి పడే కోత మాత్రం లైబ్రరీ, పార్కు, రోడ్ల పద్దుల్లో కనిపిస్తుంది. సెప్టెంబరులో పన్ను తగ్గించమని ఓటేసి, నవంబరులో సేవలకు డబ్బు లేదని గగ్గోలు పెట్టేవాళ్లు ప్రతి కౌన్సిల్‌లోనూ దొరుకుతారు. ఆ రెండు సమావేశాల మినిట్స్ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక కౌన్సిలర్‌ను అంచనా వేయడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

మూడోది డెవలప్‌మెంట్ ప్లాన్, అంటే ఏ భూమి ఇళ్లకు, ఏది పచ్చదనానికి, ఏది పరిశ్రమకు అన్న జోనింగ్. డబ్బు తిరిగేదీ, మచ్చ పడ్డదీ ఇక్కడే. 1990ల్లో డబ్లిన్ చుట్టుపక్కల భూముల జోనింగ్ మార్పించడానికి కౌన్సిలర్లకు లంచాలు అందాయన్న వ్యవహారంపై 1997లో ట్రైబ్యునల్ వేశారు. తుది నివేదిక రావడానికి 2012 పట్టింది. మధ్యవర్తిగా పనిచేసిన లాబీయిస్టు ఫ్రాంక్ డన్‌లప్ నేరం ఒప్పుకుని 2009లో జైలుకెళ్లాడు. ఈ అనుభవం తర్వాత కట్టుదిట్టాలు పెరిగాయి. 2019 నుంచి ప్లానింగ్ రెగ్యులేటర్ కార్యాలయం కౌన్సిలర్ల జోనింగ్ తీర్మానాలను పరిశీలిస్తోంది. జాతీయ విధానానికి విరుద్ధంగా ఉంటే దాని సిఫారసు మీద మంత్రి ఆ నిర్ణయాన్ని తిరగరాయవచ్చు. దీని దుష్ఫలితం కూడా ఒకటుంది. మంత్రి ఎలాగూ కొట్టేస్తాడని తెలిసి, ఊళ్లో పేరు కోసం ధైర్యంగా ఓటేసే ఘనులు తయారయ్యారు. ఓటు ఒక్కటే చూడకండి, ఆ ఓటుకు ముందు అధికారి ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందో కూడా చూడండి.

నాలుగోది, వ్యవహారంలో అందరూ "పార్ట్ 8" అనేది. కౌన్సిల్ సొంతంగా కట్టే ఇళ్లు, సైకిల్ దారులు, పార్కులకు ప్రజాభిప్రాయం తీసుకున్నాక నివేదిక సభ్యుల ముందుకొస్తుంది. ఆరు వారాల్లోగా తీర్మానం చేసి మార్చకపోతే, తిరస్కరించకపోతే పని ముందుకెళ్తుంది. అంటే ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవడం కూడా సమ్మతే. "నేను దానికి ఓటెయ్యలేదు" అనే మాట ఈ విషయంలో చెల్లదు. అయిదోది కౌన్సిల్‌లోని ఒక్కో ప్రాంతానికి ఏటా ఖరారయ్యే పనుల జాబితా. మీ వీధి ఫుట్‌పాత్ ఈ ఏడాది ఉందో లేదో అందులో తెలుస్తుంది.

ఇప్పుడు పార్టీ సంగతి. కౌన్సిల్ సమావేశానికి ముందు ప్రతి పార్టీ గ్రూపు విడిగా కూర్చుని ఏ అంశంపై ఎలా ఓటెయ్యాలో అనుకుంటుంది. అసలు చర్చ అక్కడే అయిపోతుంది, దానికి మినిట్స్ ఉండవు. ఎన్నికలయ్యాక పెద్ద పార్టీలు కలిసి ఒక ఒప్పందం రాసుకోవడం కూడా రివాజు: అయిదేళ్లలో ఏ ఏడాది మేయర్ లేదా చైర్ కుర్చీ ఎవరికి, ఏ కమిటీ ఎవరికి, బదులుగా బడ్జెట్‌కు అందరూ మద్దతివ్వాలి. కుర్చీ ఏడాదికొకరికి మారుతుంది. లిమరిక్ ఒక్కటే తేడా, అక్కడ 2024లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. గెలిచింది స్వతంత్రుడు జాన్ మొరాన్. మిగతా చోట్ల మీ కౌన్సిలర్ బడ్జెట్‌కు ఎందుకు చెయ్యెత్తాడో అర్థం కాకపోతే ముందు ఆ ఒప్పందం సంపాదించండి. చాలాచోట్ల దాన్ని పత్రికలకు విడుదల చేస్తారు.

పార్టీకి కౌన్సిలర్ కావలసిన అవసరం ఇంకొకటుంది. ఎగువ సభ షానద్‌లో 60 సీట్లుంటే వాటిలో 43కు ఓటర్లు ప్రధానంగా ఈ కౌన్సిలర్లే. మన స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ లాంటిదే, క్యాంపులు మాత్రం ఉండవు. అభ్యర్థులే దేశమంతా కారేసుకుని ఒక్కో కౌన్సిలర్ గుమ్మం తొక్కుతారు. దేశాధ్యక్ష ఎన్నికలో నాలుగు కౌన్సిళ్లు కలిసి ఒకరిని అభ్యర్థిగా ప్రతిపాదించవచ్చు కూడా. 2018లో తమ కౌన్సిలర్లెవరూ అలాంటి ప్రతిపాదనలకు మద్దతివ్వొద్దని ఫైన్ గేల్ పార్టీ కేంద్ర కార్యాలయం చెప్పింది. అయినా ఆ ఎన్నికలో నిలబడ్డ ఆరుగురిలో నలుగురు కౌన్సిళ్ల ద్వారానే వచ్చారు. పై నుంచి వచ్చే మాటకు కౌన్సిల్ గదిలో ఎంత పట్టుంటుందో చెప్పడానికి ఇది చాలు.

ఓటరుకు నిజంగా నష్టం చేసేది విప్ కాదు, ఖాళీలు భర్తీ చేసే పద్ధతి అని నా అభిప్రాయం. కౌన్సిలర్ రాజీనామా చేసినా, చనిపోయినా ఉప ఎన్నిక ఉండదు. ఆ సీటులో అతన్ని నిలబెట్టిన పార్టీ ఒక పేరు ఇస్తుంది, కౌన్సిల్ దాన్ని ఆమోదిస్తుంది. గెలిచాక పార్టీ వదిలేసి స్వతంత్రుడైన వ్యక్తి తర్వాత రాజీనామా చేసినా, పేరు ఇచ్చే హక్కు పాత పార్టీదే. స్వతంత్రుల సీటు ఖాళీ అయితే ఆ కౌన్సిల్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే సభా నియమావళిలో, రాసుకున్న పద్ధతి. 2003 చట్టం తర్వాత డాల్ సభ్యుడు కౌన్సిలర్‌గా కొనసాగకూడదు కాబట్టి, ప్రతి సాధారణ ఎన్నిక తర్వాతా ఇలాంటి భర్తీలు గుంపులుగా జరుగుతాయి. 2024 జూన్‌లో కౌన్సిలర్లను ఎన్నుకుంటే నవంబరులో కొందరు డాల్‌కు వెళ్లిపోయారు. వాళ్ల సీట్లలో మీరు ఓటెయ్యని మనుషులు 2029 దాకా కూర్చుంటారు. మీ కౌన్సిలర్ ఎన్నికైనవాడా, భర్తీ అయినవాడా అన్నది ముందు చూసుకోండి.

ఇక నిలదీసే పద్ధతి. ఓటింగ్ అయ్యాక రాసే కోపపు ఈమెయిల్ దండగ. ఓటింగ్‌కు రెండు వారాల ముందు, ఎజెండా రాగానే, ఒక్క ప్రశ్నతో రాయాలి. ఇలా: "నవంబర్ బడ్జెట్ సమావేశంలో మన బ్రాంచి లైబ్రరీ తెరిచి ఉంచే గంటలకు కేటాయింపు తగ్గించే ప్రతిపాదన ఉంది. మీరు దానికి అనుకూలమా, వ్యతిరేకమా? రోల్ కాల్ ఓటింగ్ అడుగుతారా?" రోల్ కాల్ మాట తప్పకుండా పెట్టండి. చేతులెత్తి లెక్కపెడితే మినిట్స్‌లో అంకెలే మిగలవచ్చు. రోల్ కాల్ అయితే ఎవరెటు వేశారో పేర్లతో నమోదవుతుంది. మీ లోకల్ ఏరియాలో, అంటే మీ స్థానిక నియోజకవర్గంలో, మూడు నుంచి ఏడుగురు కౌన్సిలర్లుంటారు, అదే ప్రశ్న అందరికీ విడివిడిగా పంపండి. ఒకే ఈమెయిల్‌లో అందరినీ కలిపితే ఎవరో ఒకరు చెబుతారులే అని అందరూ ఊరుకుంటారు. అధికారి నుంచి సమాచారం కావాలంటే కౌన్సిలర్ చేత లిఖితపూర్వక ప్రశ్న వేయించండి. జవాబు సమావేశ పత్రాల్లోకి ఎక్కుతుంది.

కౌన్సిల్ దగ్గరున్న పత్రాలకు సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. దరఖాస్తుకు రుసుము లేదు, నాలుగు వారాల్లో జవాబివ్వాలి. కౌన్సిలర్ సొంతంగా నడిపే ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం దాని కిందకు రావు. అందుకని "కౌన్సిలర్ ఎవరితో మాట్లాడాడు" అని అడగకుండా "ఫలానా స్థలం విషయమై కౌన్సిలర్ల నుంచి ప్లానింగ్ విభాగానికి ఫలానా నెలల మధ్య అందిన లేఖలు" అని అడగాలి. 2015 చట్టం ప్రకారం లాబీయింగ్ చేసేవాళ్లు ఏ కౌన్సిలర్‌ను ఏ విషయమై కలిశారో ఏడాదికి మూడుసార్లు బహిరంగ రిజిస్టర్‌లో నమోదు చేయాలి, అది ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకవచ్చు. కౌన్సిలర్ తన భూములు, షేర్లు, ఇతర ఆదాయాలను ఏటా ఫిబ్రవరి చివరిలోగా ప్రకటించాలి. తన ప్రయోజనం ఇమిడి ఉన్న అంశం చర్చకొస్తే ఆ మాట చెప్పి గది వదిలి వెళ్లాలి. వెళ్లలేదని మీకు ఆధారం దొరికితే కౌన్సిల్ ఎథిక్స్ రిజిస్ట్రార్‌కు రాయండి, పెద్ద విషయమైతే ప్రజాపదవుల్లో నైతిక ప్రమాణాలు చూసే స్టాండర్డ్స్ ఇన్ పబ్లిక్ ఆఫీస్ కమిషన్‌కు. మాట తప్పాడన్నది మాత్రం అక్కడ ఫిర్యాదు కాదు. మధ్యలో వెనక్కి పిలిపించే హక్కూ లేదు. హాజరు విషయంలో ఒక నియమముంది: వరసగా ఆరు నెలలు రాకపోతే రాజీనామా చేసినట్టే, అనారోగ్యం వంటి కారణాలకు కౌన్సిల్ గడువు పొడిగిస్తే తప్ప.

ఆఖరి ఆయుధం బ్యాలెట్. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో మనం 1, 2, 3 అని రాసినట్టే ఇక్కడా ప్రాధాన్యం అంకెలు వేయాలి. తేడా ఏంటంటే ఒకే బ్యాలెట్ మీద పలు సీట్లు. 10,000 చెల్లిన ఓట్లు, 6 సీట్లు అయితే 10,000ను 7తో భాగించి, భిన్నం వదిలేసి, 1 కలపాలి, గెలవడానికి కావలసిన కోటా 1,429. మొదటి ప్రాధాన్యంతోనే అంత వచ్చేది కొద్దిమందికే, మిగతావాళ్లు ఇతరుల నుంచి బదిలీ అయ్యే ఓట్లతో గట్టెక్కుతారు. పెద్ద పార్టీ ఒకే ఏరియాలో ఇద్దరిని ముగ్గురిని నిలబెడుతుంది కాబట్టి, పార్టీ మీకు ఇష్టమై మనిషి మీద కోపముంటే అదే పార్టీ రెండో అభ్యర్థికి 1 వేసి, ఇతన్ని బాగా కిందకు నెట్టవచ్చు. కౌన్సిలర్‌కు అసలు భయం ఎదుటి పార్టీ కంటే ఈ పక్కవాడే. పార్టీ మీదే కోపమైతే జనం ఎలా తీర్చుకుంటారో కూడా అంకెల్లో ఉంది: 2014 నాటికి ప్రభుత్వంలో ఉన్న లేబర్ పార్టీ 2009లోని 132 సీట్ల నుంచి ఆ ఏడాది 51కి పడింది. షిన్ ఫేన్ పార్టీకి 2014లో 159 సీట్లు, 2019లో 81, 2024లో 102. ఆ గాలిలో బాగా పనిచేసినవాళ్లూ కొట్టుకుపోయారు, అది ఈ పద్ధతిలో అన్యాయమే.

ఓటు నమోదు సంగతి కూడా చెప్పేస్తాను, చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఓటెయ్యడానికీ, పోటీ చెయ్యడానికీ ఐరిష్ పౌరసత్వం అక్కర్లేదు, 18 ఏళ్లు నిండి అక్కడ నివాసం ఉంటే చాలు, వీసా రకంతో పని లేదు. డాల్ ఎన్నికల్లో మాత్రం భారత పౌరులకు ఓటు లేదు. నమోదు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, పీపీఎస్ నంబరు (అక్కడి ప్రభుత్వ వ్యక్తిగత గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, ఇంటి ఎయిర్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) దగ్గర పెట్టుకోండి. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ చిరునామా మార్చుకోకపోతే మీ పేరు పాత ఏరియా జాబితాలోనే ఉండిపోతుంది, అప్పుడు మీరు అడగాలనుకున్న కౌన్సిలర్‌కు మీరు ఓటరే కారు.