ఖాళీ అడ్రస్ బుక్‌ను చూసి కంగారుపడే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు వినగానే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆఫీసులో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామును కొత్త వెర్షన్‌కు మార్చావట, అడ్రస్ బుక్ తెరిస్తే ఒక్క పేరూ లేదట. "పాత వెర్షనే మళ్లీ వేసేయనా పెదనాన్నా?" అన్నావు. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోగా నీకు ఇంకెవరో ఫోన్ చేశారు. అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ ఫిర్యాదు విన్నాను. వాటిలో అప్‌గ్రేడ్ వల్ల పేర్లు నిజంగా పోయిన సందర్భాలు తక్కువ. ఎక్కడో భద్రంగా ఉన్నవాటిని వెతికే తొందరలో మనిషే పోగొట్టినవి ఎక్కువ. ఆ ఘనకార్యం నేనూ ఒకసారి చేశాను. మా అధికారి పుస్తకం ఖాళీగా కనిపిస్తే పాత జాబితాను ఇంపోర్ట్ చేశాను. తెర మీద మార్పు లేదు. మళ్లీ చేశాను, మూడోసారీ చేశాను. కాసేపటికి ప్రోగ్రాం తేరుకుని ప్రతి పేరునూ నాలుగు సార్లు చూపించింది. కూర్చుని అదనపువి తుడిచేశాను. ఆయన ఫోను కూడా అదే పుస్తకంతో సింక్ అవుతోందని నాకు గుర్తే లేదు. ఏది అసలో ఏది నకలో తెలియక తుడిచిన వాటిలో అసలువీ ఉన్నాయి, అవి ఫోనులోంచి కూడా మాయమయ్యాయి. ఆ వారమంతా ఆయన కంటపడకుండా తిరిగాను.

అందుకని ముందు ఏదీ వెతకవద్దు. ప్రోగ్రాం మూసెయ్యి. అడ్రస్ బుక్ ఫోనుతోనో సర్వర్‌తోనో సింక్ అవుతుంటే ఆ సింక్ ఆపు. ఆ తర్వాత నీ మెయిళ్లు, పేర్లు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలో ఆ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటుంది. చోటు తెలిశాక ప్రోగ్రాం మూసి కాపీ చెయ్యాలి. నడుస్తుండగా తీసిన కాపీలో తాజా మార్పులు సగమే రావచ్చు. ఈ కాపీ చేతిలో ఉంటే తర్వాత ఏ పొరపాటు చేసినా మళ్లీ మొదటికి రావచ్చు.

ఇప్పుడు ఒక ప్రశ్న. పేర్లు ఒక్కటే లేవా, పాత మెయిళ్లు కూడా లేవా? నిన్న నేను ఇదే అడగబోయాను.

మెయిళ్లు కూడా లేకపోతే, తెరవగానే కొత్త ఖాతా పెట్టుకోమని అడిగి ఉంటే, సంతోషించు. నువ్వు చూస్తున్నది వేరే ప్రొఫైల్. థండర్‌బర్డ్ 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ అయిన చోటును బట్టి విడివిడిగా ప్రొఫైల్ ఎంచుకుంటుంది. 32 బిట్‌ల ప్రోగ్రాం తీసి 64 బిట్‌లది వేస్తే ఫోల్డర్ మారుతుంది. అది తనను కొత్త మనిషిగా భావించి ఖాళీ ప్రొఫైల్ ఒకటి పెట్టుకోవచ్చు. పాతది పక్క ఫోల్డర్‌లోనే కదలకుండా ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఆ ట్రబుల్‌షూటింగ్ పేజీలోనే ప్రొఫైళ్ల జాబితాకు లింకు ఉంది. అక్కడ పాతదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి ప్రోగ్రాం మళ్లీ తెరిస్తే పని అయిపోయినట్టే.

పాత వెర్షన్ వద్దన్నది కూడా ఇందుకే. కొత్త వెర్షన్ ఒకసారి తాకిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది. కొత్త ప్రొఫైల్ పెట్టుకో, లేదా బయటికి వెళ్లు అని రెండు దారులు చూపిస్తుంది. కంగారులో ఉన్నవాళ్లు మొదటిదే నొక్కుతారు. అప్పుడు ఒక ఖాళీ పుస్తకం బదులు రెండు ఖాళీ పుస్తకాలు ఉంటాయి.

మెయిళ్లన్నీ ఉండి పుస్తకం ఒక్కటే ఖాళీ అయితే ప్రొఫైల్ ఫోల్డర్‌లో 'ఏబుక్' అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లు చూడు. పూర్వం థండర్‌బర్డ్ పేర్లను మోర్క్ అనే పాతకాలపు పద్ధతిలో రాసేది. ఫైలు పేరు చివర 'మ్యాబ్' అని ఉండేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ పద్ధతికి మారింది. ఆ మార్పు మొదటిసారి తెరిచినప్పుడు జరుగుతుంది. అప్పుడు పాత ఫైలును పారేయకుండా చివర 'బ్యాక్' అన్న తోక తగిలించి పక్కన పెడుతుంది. మీ ఆఫీసులో ఎన్నేళ్ల కిందటి వెర్షన్ నుంచి ఒక్క గెంతులో ఇప్పటిదానికి వచ్చావో నువ్వే చెప్పాలి. ఆ ఫైళ్ల సైజులు పక్కపక్కన పెట్టి చూడు. పాతది వందల కిలోబైట్లు ఉండి కొత్తది నామమాత్రంగా ఉంటే మార్పిడి సగంలో ఆగిందని అర్థం. పాతదాన్ని వేరే చోటికి కాపీ చేసి, ఆ తోక తీసేసి, టూల్స్‌లోని ఇంపోర్ట్ ద్వారా ఒకే ఒక్కసారి తెచ్చుకో. కాసేపు ఏమీ కనిపించకపోయినా చేతులు కట్టుకుని కూర్చో. 'హిస్టరీ' అనే ఫైలును కూడా మరిచిపోకు. మనం ఎవరికైనా మెయిల్ పంపితే ఆ చిరునామాను తనంతట తానే చేర్చుకునే పుస్తకం అది. నా పుస్తకం పోయిందని వచ్చినవాళ్లలో చాలామంది పేర్లు అందులోనే దొరికేవి, వాళ్లు ఎన్నడూ అసలు పుస్తకంలో ఏదీ రాసుకోలేదు గనక.

ప్రోగ్రాంకు అదనంగా తగిలించుకునే యాడ్-ఆన్‌ల సంగతి చిన్నదే. అడ్రస్ బుక్‌ను బయటి సర్వర్ నుంచి ఏదైనా యాడ్-ఆన్ తెస్తుంటే, కొత్త వెర్షన్‌కు అది సరిపడక ఆగిపోతే, పుస్తకం కూడా కనిపించదు. పేర్లు సర్వర్‌లోనే ఉంటాయి. 91వ వెర్షన్ నుంచి, సర్వర్‌లోని అడ్రస్ బుక్‌ను తెచ్చే కార్డ్‌డావ్ అనే పద్ధతి థండర్‌బర్డ్‌లోనే ఉంది. సర్వర్‌కు ఆ సౌకర్యం ఉంటే యాడ్-ఆన్ లేకుండానే కలుపుకోవచ్చు.

లెక్కల విభాగంలో ఒకాయన అవుట్‌లుక్ అనే వేరే మెయిల్ ప్రోగ్రాం వాడతాడని, రెండక్షరాలు కొడితే పేరు రావడం లేదని నీ మీద విరుచుకుపడ్డాడని చెప్పావు. ఆయన పేర్లు ఎక్కడికీ పోలేదని నాకు గట్టి నమ్మకం. మెయిల్ రాసేటప్పుడు పై గడిలో కిందికి జారే పేర్లు అడ్రస్ బుక్ కావు. మనం ఇదివరకు రాసిన చిరునామాలను అవుట్‌లుక్ విడిగా గుర్తుపెట్టుకున్న జాబితా అది. మామూలుగా వెయ్యి పేర్ల దాకా ఉంచుకుంటుంది. ప్రోగ్రాం మార్చినప్పుడు, ప్రొఫైల్ కొత్తగా పెట్టినప్పుడు అది వెంట రాకపోవచ్చు. ఏళ్ల తరబడి దాన్నే అడ్రస్ బుక్ అనుకుని కాంటాక్ట్స్‌లో ఒక్క పేరూ చేర్చనివారు బోలెడుమంది. ఆయన్ను కాంటాక్ట్స్ తెరిచి చూడమను. అక్కడ పేర్లుండి, టు బటన్ నొక్కితే వచ్చే పుస్తకంలో లేకపోతే, కాంటాక్ట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో దాన్ని అడ్రస్ బుక్‌గా చూపించమనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టాలి. పేరు వస్తోంది గానీ పంపితే మెయిల్ తిరిగి వస్తోందంటే, ముఖ్యంగా సర్వర్ కూడా మారి ఉంటే, పైన చెప్పిన జాబితాలో పాత చిరునామా కూర్చుని ఉంటుంది. ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, కాంటాక్ట్స్ నుంచి కొత్తగా ఎంచుకుంటే వెళుతుంది.

ఇక తెలుగు పేర్ల విషయం. దీనికి మాత్రం నీ కళ్లకు కాస్త పని పెట్టు. ఇంపోర్ట్ చేశాక పేర్ల చోట నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిషు 'ఎ', పక్కన డిగ్రీ సున్నా, మళ్లీ అదే 'ఎ', పక్కన కూడిక తీసివేత కలిసిన గుర్తు, ఇలా వరసగా కనిపిస్తే భయపడకు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఆ మూడు బైట్లను ప్రోగ్రాం మూడు వేరువేరు అక్షరాలుగా చదివింది, అంతే. ఫైలులో పేరు చెక్కుచెదరలేదు. అలా వచ్చినవి తీసేసి, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ చదివిస్తే సరిపోతుంది. పేరు చోట ప్రశ్నార్థకాలే వరసగా ఉంటే మాత్రం ఆ ఫైలు మీద ఆశ వదులుకో. తెలుగు పట్టని పద్ధతిలో ఎవరో దాన్ని సేవ్ చేశారు, అక్షరాలు అప్పుడే పోయాయి. అంతకుముందు కాపీ కోసం చూడాలి.

ఆ ఎవరో చాలాసార్లు ఎక్సెల్‌తో పనిచేసినవాళ్లే. సీఎస్‌వీ ఫైలును, అంటే కామాలతో వేరుచేసిన మామూలు పట్టికను, 'కొంచెం సర్దుదాం' అని ఎక్సెల్‌లో తెరుస్తారు. దేశం కోడ్‌తో కలిపి పన్నెండు అంకెలున్న ఫోన్ నంబరు అక్కడ దశాంశంతో, మధ్యలో ఇంగ్లిషు 'ఈ'తో కుదించుకుపోతుంది. అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, ముందున్న సున్నాలూ పోతాయి. పేర్లన్నీ క్షేమంగా ఉండి ఎవరికీ ఫోన్ కలవని పుస్తకం ఒకటి నేను చూశాను. అందుకే సీఎస్‌వీని ఎక్సెల్‌లో సేవ్ చేయడమంటే నాకు పడదు. చూడక తప్పదనుకుంటే మామూలు నోట్‌ప్యాడ్‌లో చూడు.

ఇంకో మాట. సీఎస్‌వీ మెయిలింగ్ లిస్టులను మోయదు. 'ఉద్యోగులందరూ' అనే గుంపులో నలభై మంది ఉంటే ఆ నలభై మంది వస్తారు, గుంపు రాదు. గుంపులు కావాలంటే ఎల్‌డిఫ్ అనే ఇంకో ఫైలు రూపంలో ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఒక్కొక్కరి వివరాలకైతే వీకార్డ్ అనే ఫైలు రూపం మేలు.

మిగతా కంప్యూటర్లను ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయకు. ఈ ఒక్కటి తేలాక, ప్రతి కంప్యూటర్‌లోనూ ముందు పుస్తకాన్ని ఎల్‌డిఫ్‌గా తీసి, ఎన్ని పేర్లున్నాయో కాగితం మీద రాసి, అప్పుడు మొదలుపెట్టు. పని అయ్యాక ఆ అంకె సరిపోయిందో లేదో చూసుకో.

రేపు ఆఫీసుకు వెళ్లగానే మెయిళ్లు కనిపిస్తున్నాయో లేదో, ఏబుక్ ఫైళ్లు ఏవేవి ఉన్నాయో, వాటి సైజులు ఎంతో నాకు రాసి పంపు. అంతవరకు ఆ కంప్యూటర్ ముందు ఎవరినీ కూర్చోనివ్వకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న