సాక్ష్యం సంగతి తర్వాత, ముందు మీ ఆయనతో మాట్లాడండి

ఉత్తరం: "మేడమ్, మాది శ్రీకాకుళం. నాకు 52 ఏళ్లు. మా అత్తయ్యకు వచ్చే నెలతో 90 నిండుతాయి. 33 ఏళ్లకే మావయ్యగారు పోతే, సోంపేట మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి ముగ్గురు పిల్లల్ని చదివించారు. ఒక్క ఆదివారం ఆరాధన మానిన మనిషి కాదు. ఇప్పటికీ తన పింఛను 4,000లో 400 చర్చికి దశమభాగం తీయించాకే మిగతాది నా చేతికిస్తారు. రెండేళ్ల క్రితం తుంటి ఎముక విరిగింది, అప్పటి నుంచి మంచం మీదే. స్నానం, డైపర్లు, తిండి, రాత్రి పక్కకి తిప్పడం, అన్నీ నేనే. నాకు నడుం నొప్పి. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్తే మావారు బెల్టు కొనిచ్చారు. ఆయన సంఘ పెద్ద, సాయంత్రాలు గృహ కూడికలకు వెళ్తారు. నేను విసుక్కుంటే 'నువ్వు చేసే సేవ దేవుడు చూస్తున్నాడు' అంటారు. ఆడపడుచులిద్దరూ క్రిస్మస్‌కి వచ్చి వెళ్తారు. ఇప్పుడు అత్తయ్య 90 ఏళ్లకి కృతజ్ఞతా కూడిక పెడుతున్నారు. కోడలిగా నన్ను లేచి అత్తయ్య గురించి సాక్ష్యం చెప్పమంటున్నారు. మొన్న రాత్రి అత్తయ్య నా చెయ్యి పట్టుకుని 'నీకు బరువైపోనానే అమ్మా' అన్నారు. నాకు నోట మాట రాలేదు. మనసులో ఇంత విసుగు పెట్టుకుని అందరి ముందు మంచి మాటలు చెబితే అది అబద్ధ సాక్ష్యం కాదా? చెప్పనంటే ఇంట్లో గొడవ. ఏం చెయ్యమంటారు?"

జవాబు:

అడిగినదానికి ముందు చెప్పేస్తాను. చెప్పాలనిపిస్తే లేచి రెండు నిమిషాలు మాట్లాడి కూర్చోండి. వద్దనిపిస్తే "నేను మాట్లాడలేను" అని ముందే చెప్పేయండి, గొంతు పట్టేసిందని సాకులు వద్దు. మీరు అలసిపోయారు కాబట్టి ఆవిడ గురించి చెప్పే మంచి అబద్ధం అయిపోదు. కూడికలో ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అన్నది వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

మీ ఉత్తరం అసలు దాని గురించి కాదమ్మా. చదువుతుంటే మీ ఆయనే ప్రతి రెండో వాక్యంలో కనిపించారు. బెల్టు కొన్నారు, కూడికలకు వెళ్తారు, దేవుడు చూస్తున్నాడని చెప్తారు. తల్లిని ఒక్కసారి ఎత్తి కూర్చోబెట్టారని మాత్రం ఎక్కడా లేదు. చాలామంది ఇలాంటి చోట ఆడపడుచుల మీద పేజీలకు పేజీలు రాస్తారు, మీరు ఒక్క ముక్కతో సరిపెట్టారు, సంతోషం. వాళ్ల సంగతి నేనూ వదిలేస్తున్నాను. ఇంట్లో ఉన్న కొడుకు చెయ్యి కదపనప్పుడు ఎక్కడో ఉన్న కూతుళ్లని అడిగి ప్రయోజనం లేదు.

సోంపేట ఆసుపత్రిలో ఆయాగా చేశారని ఒక్క మాటలో రాసి ముందుకెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఆగిపోయాను. 1874లో కాకినాడలో మొదలైన కెనడా బాప్టిస్టు మిషనరీల పని మన ఉత్తరాంధ్రలో బడులు, ఆసుపత్రులు పెట్టుకుంటూ వచ్చింది. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ చేస్తున్న కంటి వైద్యానికి సాయం చేయడానికే 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఇదంతా రాసిపెట్టిన చరిత్ర. వార్డులో రాత్రంతా తిరిగిన ఆయాల పేర్లు ఎవరు రాసిపెడతారు?

ఆ రోజుల్లో శుక్లాల ఆపరేషన్ అంటే ఇప్పటిలా పొద్దున్న వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేయడం కాదు. రెండు కళ్లకీ కట్టు కట్టి, తల కదపకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. ఆ మనిషికి ముద్ద కలిపి నోట్లో పెట్టాలి. బెడ్‌పాన్ పెట్టాలి, తియ్యాలి, కడగాలి. అర్ధరాత్రి చీకట్లో భయపడి లేవబోతే భుజం పట్టుకుని "కదలకు నాన్నా, నేనున్నాను" అనాలి. ఇవి ఆయాలు చేసే పనులు. ఏ ఊరివాళ్లో, ఏ కులమో, మళ్లీ జన్మలో కనబడతారో లేదో, అలాంటివాళ్లకి మీ అత్తయ్య ఏళ్ల తరబడి ఇది చేసుంటారు. ఇంటికొచ్చి పిల్లలకి వండిపెట్టి, మోకాళ్లూని, ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి నడిచుంటారు. ముప్ఫై మూడేళ్లకి భర్త పోయిన ఆడది మన ఊళ్లల్లో మాట పడకుండా తలెత్తుకు తిరగడమే గొప్ప. ఆవిడ భక్తిని ఎవరు పొగిడినా నేను కాదనను. నేనూ ఆ చర్చి బల్లల మీద పెరిగినదాన్నే, అలాంటి అమ్మల్ని చూశాను, వాళ్ల ప్రార్థన ఎలా ఉంటుందో తెలుసు.

మీ ఆయన చిన్నప్పుడు తిన్న అన్నం ఆ చేతులు సంపాదించినదే. పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తిన చేతులవి. ఇవాళ ఆ చేతులు మంచం మీద పడి ఉంటే, కొడుకు వేరేవాళ్ల ఇంట్లో ప్రార్థన నడిపిస్తున్నారు. ఆయన చెడ్డవారని నేననను. అమ్మంటే ప్రేమ ఉండే ఉంటుంది, లేకపోతే ఈ కూడిక పెట్టరు. కానీ ఆ ప్రేమలో చాకిరీ భాగం మీ వంతుకీ, పేరు భాగం ఆయన వంతుకీ పోయింది. ఇది న్యాయం కాదు. నా దృష్టిలో ఇది భక్తి కూడా కాదు.

మీ ఆయన సంఘ పెద్ద, వాక్యం తెలిసిన మనిషి కాబట్టి వాక్యంలోంచే చెప్తాను. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ కన్నపిల్లలకి ఇచ్చింది. మార్కు సువార్త ఏడో అధ్యాయం ఒకసారి తీయమనండి. తల్లిదండ్రులకి చెందాల్సిన దాన్ని 'కొర్బాను', దేవుడికి ఇచ్చేశాం, అని చెప్పి తప్పించుకునేవాళ్లని యేసు అక్కడ గట్టిగా కోప్పడ్డారు. కూడికలకి పోయే సాయంత్రాలు తల్లికి చెందాల్సినవి. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో కూడా, పిల్లలూ మనవలూ భక్తిని ముందు తమ ఇంట్లో చూపించడం నేర్చుకోవాలనే ఉంది. సిలువ మీద వేలాడుతూ కూడా ప్రభువు తల్లిని ఎవరి ఇంట్లో ఉంచాలో చూసుకున్నారు.

మీకు మాత్రం ఎవరో ఒకరు బైబిల్లోని రూతు కథ చెబుతూనే ఉండి ఉంటారు. రూతు తన అత్త నయోమి వెంట వెళ్లింది, నిజమే. ఇంటికి వెళ్లిపొమ్మని అత్త స్వయంగా చెప్పాక, తనంతట తాను ఒప్పుకుని వెళ్లింది. పైగా అప్పటికి నయోమి ఇద్దరు కొడుకులూ చనిపోయారు. మీ అత్తయ్య కొడుకు నిక్షేపంలా ఉన్నారు. దేశం చట్టం కూడా అంతే. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు అందులో లేదు. మీరు కోర్టుకెక్కాలని ఇది చెప్పడం లేదు. రెండేళ్లుగా మీరు చేస్తున్నది మీ బాకీ కాదు, మీరు ఇస్తున్నది అని మీకు తెలియడం కోసం చెప్తున్నాను.

ఇంకొకటి, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఆయన్ని మీరు స్పష్టంగా ఎప్పుడైనా అడిగారా? ఉత్తరంలో "విసుక్కుంటే" అని ఉంది, "అడిగితే" అని లేదు. గిన్నెలు చప్పుడు చేయడం, మాట తగ్గించడం, పక్క గదిలోకి వినబడేలా నిట్టూర్చడం, మన ఆడవాళ్లం వీటినే అడగడం అనుకుంటాం. మగవాళ్లకి అది వినబడదు, వినబడినా వినబడనట్టు ఉండిపోవచ్చు. అలా ఆయన మీద రావలసిన కోపం నోరు దాటకుండా మిగిలి, అన్నెంపున్నెం ఎరగని ముసలావిడ మీదకి మళ్లింది. డైపర్ మార్చేటప్పుడు మీ చెయ్యి కాస్త గట్టిగా పడుతోందేమో చూసుకోండి. ఆవిడకి తెలిసిపోతుంది. జీవితమంతా రోగుల పక్కన గడిపిన మనిషికి చెయ్యి పడే తీరులో తేడా తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? "బరువైపోనానే" అన్నది అందుకే.

ఆ మాటకి మీరు జవాబు బాకీ ఉన్నారు. ఇవాళే ఇవ్వండి. "లేదత్తయ్యా, అలా ఏం లేదు" అని పైపైన అనకండి, ఆవిడ నమ్మరు. "ఎత్తడానికి ఒక్కదాన్నే ఉన్నానత్తయ్యా, అదే కష్టంగా ఉంది, మీ అబ్బాయిని రమ్మంటున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక ఆయన్ని అడగడం. కూడిక అయ్యేదాకా ఆగకండి. చుట్టాలొచ్చాక అడిగితే పరువు తీశావంటారు. ఫోన్లో ఆడపడుచుల చేత చెప్పించకండి, పాస్టరుగారి దాకా అసలే పోకండి. భోజనాలయ్యాక కూర్చోబెట్టి, "ఏమండీ, ఈ రాత్రి నుంచి అత్తయ్యని తిప్పడానికి మీరు లేవాలి, నా నడుం ఒప్పుకోవడం లేదు" అనండి. అక్కడితో ఆపేయండి. పాత లెక్కలు విప్పొద్దు. మళ్లీ "దేవుడు చూస్తున్నాడు" అంటే, "దేవుడు చూస్తున్నాడండీ, మీరు కూడా వచ్చి చూడండి" అని మెల్లగా అనండి.

రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద, మడమల మీద పుండ్లు పడతాయి, ఆ వయసులో అవి ఓ పట్టాన మానవు. మీ ఇద్దరూ వంతులు వేసుకుంటే తప్ప ఇది జరిగే పని కాదు. అత్తయ్య ఒంటి కింద మడత పెట్టిన దుప్పటి ఒకటి అడ్డంగా వేయండి. చెరో వైపు పట్టుకుని దుప్పటితో పాటు జరిపితే ఎవరి నడుమూ పట్టదు, ఆవిడ చర్మం కూడా రాసుకుపోదు. పక్కకి తిప్పాక మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. ఒంటరిగా చంకల కింద చేతులేసి లేపడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి.

"మగాణ్ణి, అమ్మకి స్నానం నేనెలా చేయిస్తాను" అనొచ్చు. ఇందులో కొంత నిజం ఉంది, కొట్టిపారేయకండి. కొడుకు చేత ఒళ్లు కడిగించుకోవడానికి ఆవిడే సిగ్గుపడవచ్చు. ఆ సిగ్గుని మనం గౌరవించాలి. ఆవిణ్ణే అడగండి. వద్దంటే స్నానానికీ, డైపర్లకీ పొద్దునపూట ఒక ఆయాని పెట్టుకోండి. పింఛనులో దశమభాగం పోగా మిగిలే 3,600 ఆవిడ కోసం వచ్చే డబ్బే, అది ఇంటి ఖర్చులో కలిపేయకుండా ఆయాకే ఇవ్వండి. తక్కువైతే మీ ఆయన వేస్తారు. అదీ చాలకపోతే కూడిక భోజనాల్లో ఒక ఐటం తగ్గించమనండి, నాకు ఇందులో మొహమాటమేమీ లేదు. తినిపించడం, తలకి నూనె రాయడం, గోళ్లు తీయడం, రాత్రి లేవడం, వీటికి సిగ్గుతో పనిలేదు. ఇవన్నీ కొడుకువే.

ఒకటి రెండు రోజులు చేసి మానేస్తారు, చూస్తూ ఉండండి. అప్పుడు మీరు లేచి చేసేయకూడదు. అదే అన్నిటికంటే కష్టం, మీ బోటి మనిషికి మరీ కష్టం. అత్తయ్య ఇబ్బంది పడకుండా ఆయన్ని లేపండి. లేవకపోతే మళ్లీ లేపండి. ఆయన ముద్ద సరిగ్గా కలపకపోయినా, దుప్పటి వంకరగా వేసినా పక్కన నిలబడి దిద్దకండి. వార్డుల్లో ఎందరికో చేసిన మనిషి, కొడుక్కి ఆవిడే చెప్పి చేయించుకుంటారు.

ఈలోగా మీరు ఆ బెల్టు తీసి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఫిజియోథెరపీ రాస్తే పూర్తిగా చేయించుకోండి, మధ్యలో మానకండి. మీరు వెళ్లొచ్చే ఆ గంటన్నర అత్తయ్య దగ్గర ఎవరు కూర్చుంటారో మీ ఆయన్నే ఏర్పాటు చేయమనండి.