బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంప్ శబ్దం చేస్తోంది, నీళ్లు మాత్రం బయటికి రావట్లేదు. ఎందుకు?

శబ్దం వస్తోందంటే కరెంటు అందుతున్నట్టే. కాబట్టి ముందు పంప్ అడుగు చూడండి. ఫ్యూజ్ తీసేసి, పక్క క్లిప్పులు నొక్కి మోటార్‌ని జాలీలోంచి పైకి లాగండి. వేట బోట్లలో అక్కడ ఎక్కువగా దొరికేవి వల నైలాన్ పోగులు, చేప పొలుసులు. ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే రెక్కల చక్రం) ఇరుసుకు ఒక్క పోగు చుట్టుకున్నా మోటార్ మూలుగుతుంది గానీ తిరగదు.

అక్కడ శుభ్రంగా ఉంటే అనుమానం పైపు మీదే. పంప్ నుంచి బయటి రంధ్రం దాకా పైపు ఎక్కుతూనే పోవాలి. మధ్యలో కిందికి జారితే ఆ వంపులో నీళ్లు నిలిచి, వాటి వెనక గాలి చిక్కుకుంటుంది. ఈ రకం పంపులు ఆ గాలిని నెట్టలేవు. లోపల గాడులున్న పైపు కూడా ధారను తగ్గిస్తుంది, నున్నటిది వేయండి.

నీళ్లు సన్నగా వస్తుంటే, పంప్ నడుస్తుండగా దాని వైర్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులుండి ఇక్కడ 11 కూడా లేకపోతే ఏదో జాయింట్‌లో చిలుము పట్టినట్టే. ఉత్త టేపు చుట్టిన జాయింట్ ఉప్పునీటికి ఆగదు. టిన్ పూత రాగి వైరు, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని జాయింట్‌ని బిగించే గొట్టం) వాడండి.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది మాత్రం దయచేసి వేయకండి. ఇంపెల్లర్ ఇరుక్కున్నప్పుడు వైరు కాలకుండా ఆపేది సరైన సైజు ఫ్యూజే.

నీళ్లు పెరిగితే పంప్‌ని దానంతటదే ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్‌కి కరెంటు మెయిన్ స్విచ్‌తో పని లేకుండా, ఫ్యూజ్ మీదుగా నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. వేటకెళ్లే ముందు అడుగున బకెట్ నీళ్లు పోసి, పంప్ దానంతటదే ఆన్ అయి, తోడేశాక ఆగుతోందో లేదో చూసుకోండి.