నల్లరేగట్లో కాణీ దొరకాలంటే
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాడుబడ్డ ఇళ్ల స్థలాల్లో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతికేవాళ్లవే. తరచూ అడిగినవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: పొన్నూరు దగ్గర మా తాతల నాటి మట్టిగోడల పెంకుటిల్లు ఎప్పుడో కూలిపోయి దిబ్బయింది. డిటెక్టర్ అడుగడుక్కీ మోగుతోంది. తవ్వితే మేకులూ రేకు ముక్కలే. మెషీన్‌దే లోపమా?

జవాబు: మెషీన్ బాగానే ఉంది, వెతికే చోటే తప్పు. పెంకుటింటి కప్పు కూలినప్పుడు వాసాలకు కొట్టిన మేకులన్నీ ఆ దిబ్బలోనే పడతాయి. పైగా కూలిన గోడమట్టి పాత నేల మీద రెండు మూడు అడుగుల మందాన పరుచుకుని ఉంటుంది. పది అంగుళాల కాయిల్ (మెషీన్ అడుగున ఉండే గుండ్రటి పళ్లెం) రూపాయంత నాణేన్ని ఎంత బాగా పట్టినా 20, 25 సెంటీమీటర్ల లోతు దాకానే. అంటే అసలు నేలను మీ మెషీన్ ఇంకా చూడనే లేదు.

దిబ్బను వదిలేసి ముందు దొడ్లోకి వెళ్లండి. అరుగు ముందు, బావి గట్టు చుట్టూ, చెట్టు నీడన మంచం వేసుకున్న చోట, కల్లానికి వెళ్లే దారిలో వెతకండి. మొలలోంచి చిల్లర జారేది అలాంటి చోట్లే. దిబ్బనే వెతకాలనుకుంటే అరడుగు మట్టి తీసి ఒకసారి కాయిల్ తిప్పండి, మళ్లీ అరడుగు తీయండి. తీసిన మట్టిని కూడా పక్కన పరిచి చూడాలి, ఎందుకంటే గోడ గూళ్లలో దాచిన డబ్బు ఆ మట్టిలోనే కలిసిపోయి ఉంటుంది. ద్వారబంధం ఎత్తేటప్పుడు గడప కింద నవధాన్యాలతో పాటు నాణెం వేయడం మనవైపు ఆనవాయితీ. అందుకని గడప ఎక్కడుండేదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి.

ఇక శబ్దం సంగతి. మొదలుపెట్టే ముందు లోహమేమీ లేని చోట గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే ఉత్త మట్టికే మోగకుండా మెషీన్‌ను ఆ నేలకు సరిచేయండి. కాయిల్‌ను అడుగు ఎత్తు నుంచి నేలకు రెండంగుళాల దాకా ఐదారుసార్లు దించుతూ ఎత్తుతూ, శబ్దం మారకుండా నిలిచేదాకా సరిచేసుకోవాలి. మేకులు ఎక్కువున్న చోట సెన్సిటివిటీ (మెషీన్ చురుకు) తగ్గించి, ఆరంగుళాల చిన్న కాయిల్ వేసి నిదానంగా తిప్పండి. మోగిన చోట తొంభై డిగ్రీలు పక్కకు జరిగి మళ్లీ తిప్పి చూడండి. నాణెమైతే రెండు వైపుల నుంచీ ఒకేలా పలుకుతుంది, మేకైతే ఒకవైపు పలికి రెండోవైపు చిటపటమంటుంది. నాగలి కర్రులాంటి పెద్ద ఇనుము వెండిలాగే పలికి మోసం చేస్తుంది. కాయిల్‌ను అడుగు ఎత్తుకు లేపినా మోత ఆగకపోతే అది నాణెం కాదు.

గుట్కా ప్యాకెట్ల గోల పడలేక చాలామంది డిస్క్రిమినేషన్ (చెత్త లోహాలకు మోగకుండా ఆపే సెట్టింగ్) బాగా పెంచేస్తారు. దాంతో పల్చటి వెండి బేడలు (రెండణాల నాణేలు) కూడా వినపడకుండా పోతాయి. అంతకంటే ఇంట్లో ఉన్న కాణీ, అణా, పావలా నేల మీద పెట్టి మీ మెషీన్ దేనికి ఏ అంకె చూపిస్తుందో కాగితం మీద రాసుకోవడం మేలు.

ప్రశ్న: తాడికొండ వైపు నల్లరేగడి నేల. ఎండాకాలం ఖాళీగా ఉంటాం కదా, అప్పుడు వెతకొచ్చా?

జవాబు: వద్దు. ఎండలకు నల్లరేగడి నెర్రెలు విచ్చి రాయిలా బిగుస్తుంది. గునపం దింపితే పెళ్లలుగా లేస్తుంది, నాణెం ఆ నెర్రెలోకి జారిపోతుంది. మట్టి సడలి పదునుగా ఉండే కార్తీక, మార్గశిర మాసాలే దీనికి సరైనవి. మోగిన చోటుకు జానెడు దూరంలో మూడు వైపులా తవ్వుకోలుతో కోసి, నాలుగో వైపు వదిలి, మట్టిగడ్డను పుస్తకం అట్టలా తిరగేయండి. పొడిమట్టిని పట్టా మీద పోసి చేతిలో పట్టే చిన్న డిటెక్టర్, అంటే పిన్‌పాయింటర్‌తో వెతికి, గడ్డను మళ్లీ గుంటలో కూర్చి తొక్కండి. గునపం మొన తగిలి గాటు పడ్డ నాణేలే ఎక్కువ కనపడుతుంటాయి. ఆ గాటుతో సగం విలువ పోయినట్టే. హైటెన్షన్ లైన్ల కింద మెషీన్ ఊరికే మోగుతుంది, అక్కడ సెన్సిటివిటీ తగ్గించాలి. పాత బావి అంచుకు మాత్రం పోవద్దు, గట్టు కూలుతుంది.

ప్రశ్న: మా పొలం పక్క పాటిదిబ్బ ఉంది. పాటిమన్ను తోలేటప్పుడు పూసలు, పెంకులు బయటపడుతుంటాయి. అక్కడ వెతకొచ్చా?

జవాబు: వెతకొద్దు. మన పాటిదిబ్బలు చాలావరకు శాతవాహనుల కాలం దాకా వెళ్లే ఊళ్ల ఆనవాళ్లు. అక్కడి సీసపు నాణెం ఏ పొరలో, ఏ పెంకు పక్కన ఉందో తెలిస్తేనే అది చరిత్ర అవుతుంది. పెరికి తీశాక ఉత్త సీసపు ముక్కే. అమరావతి, భట్టిప్రోలు, ఉండవల్లి లాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం పురాతన కట్టడాలు, స్థలాల రక్షణకు చేసిన 1958 చట్టం ప్రకారం నేరం. పాటిదిబ్బలో వస్తువులు బయటపడితే పురావస్తు శాఖకు కబురు చేయండి.

సొంత దొడ్లో తవ్వినా 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది. భూమిలో దాచిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎంత విలువ, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టర్‌కు రాసివ్వాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలి, స్థల యజమాని వేరే వ్యక్తయితే, దొరికినవారికి ముప్పాతిక, యజమానికి పావు వంతు. చెప్పకుండా దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఆ పది రూపాయల హద్దు నాటి నుంచీ అలాగే ఉండిపోయింది కాబట్టి ఒక్క వెండి రూపాయి కూడా దాన్ని దాటేస్తుంది.

పంపకాలు కాని ఇల్లయితే వాటాదార్లందరి చేతా సంతకాలు పెట్టించుకోండి. వీఆర్వోకు ఒక మాట చెప్పి పగటిపూటే పని చేయండి. రాత్రిపూట టార్చీలు కనపడితే ఊళ్లోవాళ్లు గుప్తనిధుల ముఠా అనుకుని పోలీసులకు ఫోన్ చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

ప్రశ్న: దొరికిన రాగి కాణీల్ని చింతపండుతో తోమితే తళతళలాడాయి. కొనేవాళ్లు పెదవి విరిచారు. ఎందుకని?

జవాబు: మీరు తోమేసింది మురికిని కాదు, నాణెం చర్మాన్ని. ఏళ్ల తరబడి ఏర్పడిన ముదురు పొరను చింతపండు పులుపు తినేస్తుంది. దాంతో పాటు సన్నటి గీతలూ పోతాయి. పీతాంబరి, నిమ్మకాయ, బూడిద కూడా అంతే. ఇక ముందు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్లు మార్చండి. వారం తర్వాత వదులైన మట్టిని వెదురుపుల్లతో తీసి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

బాపట్ల, రేపల్లె వైపు ఉప్పు నేలల్లో దొరికిన రాగికి మరో జబ్బుంది. లేత ఆకుపచ్చ పొడి తుడిచేసినా నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది. లోపల చేరిన ఉప్పు గాలిలో తేమతో కలిసి రాగిని తింటూ ఉంటుంది. అలాంటి నాణేన్ని మిగతావాటితో కలపకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూతడబ్బాలో విడిగా పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకు జిగట కారుస్తాయి.

ప్రశ్న: ఏ నాణెం ఏదో పోల్చుకోవడమెలా? రాముడి బొమ్మ, 1818 అంకె ఉన్న రాగి బిళ్లకు లక్షలొస్తాయంటున్నారు.

జవాబు: రావు. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని ఉండే ఆ దేవుడి బిళ్లలు కంపెనీ వేసినవి కావు, తర్వాతెప్పుడో చేసిన బొమ్మ నాణేలు. చిల్లు కాణీ 1943 నుంచి 1947 దాకా వేసింది, కుప్పలుగా దొరుకుతుంది. అంచు వంకీలు తిరిగిన అణా మీద విలువ తెలుగులోనూ ఉంటుంది, చేతికొస్తే చదివి చూడండి. విక్టోరియా రాణి రూపాయి 11.66 గ్రాములు తూగాలి, వెండి దాదాపు 92 శాతం. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి పడింది. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. పాత నాణెం కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఫోన్ చేస్తే పెట్టేయండి. అలాంటి వ్యాపారం తాము చేయమని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటించింది. బియ్యాన్ని లాగే రాగి చెంబు, నాణెం అంటూ వచ్చే రైస్ పుల్లింగ్ వాళ్లదీ ఇదే బాపతు.