ముందెరగడమూ, ముందు నిర్ణయించడమూ

సందేహం: రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో "దేవుడెవరిని ముందు ఎరిగెనో... వారిని ముందుగా నిర్ణయించెను" అని ఉంది. దేవుడు ముందే ఎరిగి ఉంటే అది జరిగి తీరాలి కదా? అప్పుడు మనిషి స్వేచ్ఛ మాటేమిటి? ఈ రెండు మాటలూ ఒకటేనా? అలాగే 'భవిష్యద్‌జ్ఞానము' అనే ప్రయోగం వ్యాకరణానికి నిలుస్తుందా? ఈ మధ్య కొందరు 'దేవుని ముందస్తు అవగాహన' అంటున్నారు. ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: చిన్నదాన్ని ముందు వదిలించుకుందాం. సజ్జనుడు, జగజ్జనని అన్నట్టే సంధి చేస్తే భవిష్యజ్జ్ఞానం కావాలి. పాత అనువాదకులు నోరు తిరగదనుకున్నారేమో, 'భవిష్యద్' దగ్గర ఆగి జ్ఞానాన్ని పక్కన పెట్టుకున్నారు. అపొస్తలుల కార్యాలు 2:23లోనూ, పేతురు మొదటి పత్రిక 1:2లోనూ ఇదే మాట. అలవాటైపోయింది కాబట్టి తప్పని గట్టిగా అనలేను. 'ముందస్తు అవగాహన'ను మాత్రం నా చెవిన పడనివ్వకండి. ముందస్తు బెయిలు, ముందస్తు ఎన్నికలు చాలవా? ఊరూరా పెట్టే అవగాహన సదస్సుకు దేవుణ్ణి కూడా పిలుస్తారా?

ఇక అసలు మాట 'ఎరుగు'. దీన్ని అడిగినందుకు మీకు కృతజ్ఞుణ్ణి, ఎందుకంటే ఈ క్రియ మన కళ్ళ ముందే చచ్చిపోతోంది. పత్రికల్లో వ్యతిరేకార్థంలో మాత్రమే బతికుంది: కనీవినీ ఎరుగని వరద, ఓటమి ఎరుగని నాయకుడు, అలుపెరగని పోరాటం. 'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్న సామెతా అంతే. "నేనాయనను ఎరుగుదును" అని నిండుగా అనేవారెక్కడున్నారు? అందరం "నాకు ఆయన తెలుసు" అంటున్నాం. తెలంగాణలో 'నాకెరుక' ఇంకా వినిపిస్తుంది, సంతోషం. కానీ అక్కడున్నది నామవాచకం, క్రియ కాదు.

'ఎరుగు', 'తెలియు' ఒకటి కావు. తెలియడంలోని 'తెలి', తెల్లవారడంలోని 'తెల్ల' ఒకే ఇంటి బిడ్డలు. విషయం తనంత తాను తేటపడుతుంది, అది 'నాకు' తెలుస్తుంది. అందుకే అక్కడ చతుర్థి, అంటే 'కు' విభక్తి. నా ప్రమేయం పెద్దగా ఏమీ లేదు, తెల్లవారేటప్పుడు మేలుకుని ఉన్నాను, అంతే. ఎఱుఁగు అలా కాదు. తమిళ, కన్నడ భాషల 'అఱి'కి తోబుట్టువు ఇది. పాత రాతలో శకటరేఫ (ఱ), అరసున్న (ఁ) రెండూ దీని సొత్తు, రెంటినీ పోగొట్టుకుంది పాపం. దీనికి కర్త ప్రథమలో నిలబడతాడు: నేను ఎరుగుదును. ఎరగడం నేను చేసే పని. మనిషి కర్మగా వస్తే ఆ పని పరిచయమూ చనువూ అవుతుంది. 'ఎరిగినవాళ్ళు' అంటే మన వివరాలు సేకరించినవాళ్ళు కారు గదా!

ఇక్కడ పోతన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు 'లావొక్కింతయు లేదు' అని మొదలుపెట్టి, ప్రాణాలు ఠావులు తప్పాయనీ మూర్ఛ వచ్చిందనీ చెప్పుకుని, మూడో పాదంలో అంటాడు: 'నీవే తప్ప నితఃపరం బెఱుఁగ'. ఏనుగుకు లోకజ్ఞానం లేదని కాదు దాని అర్థం. మడుగు తెలుసు, మంద తెలుసు, మొసలి పట్టు ఇప్పుడు మరీ బాగా తెలుసు. నువ్వు కాక నాకు దిక్కు లేదు, మరొకరిని నావాడని పట్టుకోలేదు అని. అక్కడ 'నీవే తప్ప నాకేమీ తెలియదు' అని పెట్టి చదవండి, పద్యం చచ్చిపోతుంది. దేవుడి వైపు నుంచి ఇదే మాట వినాలంటే ఆమోసు గ్రంథం 3:2 చూడండి. ఇశ్రాయేలీయులతో దేవుడు అంటాడు: "భూమిమీది సకల వంశములలోను మిమ్మును మాత్రమే నేను ఎరిగియున్నాను". తక్కిన వంశాల సంగతి ఆయనకు తెలియకనా? గజేంద్రుడు కింది నుంచి అన్న మాటే పైనుంచి వచ్చింది. హీబ్రూలో ఆ ధాతువు 'యాదా'. మొదటి కీర్తనలో నీతిమంతుల మార్గం విషయంలోనూ అదే ధాతువు, కానీ మన అనువాదకులు అక్కడ "యెహోవాకు తెలియును" అన్నారు. దారి తెలుస్తుంది, జనాన్ని ఎరుగుతాం. అన్నిచోట్లా ఈ పట్టింపు పాటించారనను గాని, ఈ రెండు చోట్లా వారి చెవికి దండం పెట్టవచ్చు.

ఇప్పుడు మీ వాక్యం. ఈ పత్రిక రాసిన పౌలు వాడిన గ్రీకు క్రియకు కర్మ 'ఎవరిని', 'ఏమి' కాదు. అదే పత్రిక 11:2లోనూ "తాను ముందెరిగిన తన ప్రజలను" అన్నాడు. ఇవి మనుషుల్ని ముందే తనవారిగా ఎంచుకోవడం గురించిన మాటలు. రేపు మీరు ఏ బస్సెక్కుతారో దేవుడికి తెలుసా అన్న ప్రశ్నకు ఈ క్రియ జవాబివ్వదు. దానికి 139వ కీర్తన ఉంది: మాట నాలుకకు రాకమునుపే నీకు పూర్తిగా తెలిసి ఉన్నదని. చూశారా, అక్కడ 'తెలియు'.

అలా తెలియడం బలవంతం అవుతుందా? జరిగిపోయినవాటిని గుర్తుంచుకోవడం వల్ల నువ్వు వాటిని జరిపించినట్టు కాదు, దేవుడు ముందు చూడటమూ అంతే అన్నాడు తొలినాటి క్రైస్తవ వేదాంతి ఆగస్టీన్. తెలుగు ముసలమ్మ ఇంకా సులువుగా చెప్పింది, తలకిందులుగా. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లవారుతుందనుకుంది. కోడికి పొద్దు ముందే తెలుస్తుంది, కూతతో పొద్దు పొడవదు. ఆ ముసలమ్మనే తలుచుకుంటూ పేతురు కథ చదవండి. కోడి కూయకముందే నన్ను ఎరుగనని ముమ్మారు అంటావని యేసు చెప్పాడు. పేతురు అననని పట్టుబట్టాడు, చివరికి ఒట్టు పెట్టుకుని మరీ "ఆ మనుష్యుని నేనెరుగను" అన్నాడు. (గ్రీకులో అక్కడి ధాతువు పౌలు వాడినది కాదు, తెలుగు రెంటినీ ఒకటి చేసింది. ఈసారి ఆ పొరపాటు నాకు నచ్చింది.) కోడి కూయగానే బయటికి పోయి ఏడ్చాడు. ముందే చెప్పారు కాబట్టి తప్పు నాది కాదని వాదించలేదు.

అయితే మీ అనుమానానికి బలం లేదనను. మన భాషలోనే 'ఎరుక చెప్పడం' అంటే జోస్యం. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో వెళ్ళి పద్మావతి పెళ్ళి గురించి ఎరుక చెప్పాడంటారు. ముందు చెప్పినవాడూ ఆయనే, జరిపించినవాడూ ఆయనే, పెళ్ళికొడుకూ ఆయనే! అక్కడ ఎరుకకూ సంకల్పానికీ మధ్య గోడ ఎక్కడ కడతారు? మన బైబిలు అనువాదకులకూ ఆ గోడ నిలవలేదు. పేతురు మొదటి పత్రిక 1:20లో గ్రీకు మూలం క్రీస్తును 'ముందెరగబడినవాడు' అంటే, తెలుగులో "నియమింపబడెను" అని వేశారు.

కాబట్టి తీర్పు అడిగితే: మీరు ఉదహరించిన వాక్యంలో ఇవి రెండు మాటలు, రెండు మెట్లు. ఒకటే అయితే పౌలు 'ఎవరిని నిర్ణయించెనో వారిని నిర్ణయించెను' అన్నట్టవుతుంది. ఆ మెట్ల మధ్య దూరమెంత అన్నది వేరే తగువు. ప్రొటెస్టంటు వేదాంతుల్లో, ఎరగడమంటే ఎంచుకోవడమే అన్నది కాల్విన్ పక్షం, ఎవరు విశ్వసిస్తారో ముందు చూడటం అన్నది ఆర్మీనియస్ పక్షం. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ నగరంలో మహాసభ పెట్టి రెండో పక్షాన్ని కాదన్నారు. తగువు ఆగలేదు. నేను చెప్పిన తెలుగు అర్థం మొదటి పక్షానికి కాస్త చుట్టమవుతుందని నాకూ కనిపిస్తూనే ఉంది, కానీ నిఘంటువు పట్టుకుని నేను మహాసభలో కూర్చోను.

'స్వేచ్ఛ'కు ఒక్క మాట. స్వ+ఇచ్ఛ, తన కోరిక. బైబిలులో 'స్వేచ్ఛార్పణ' అంటే ఎవరూ అడగకుండా మనసారా ఇచ్చేది. ఇష్టం వచ్చినట్టు తిరగడమనే అర్థం తరువాత బాగా ముదిరింది. మీ చర్చలో మొదటి అర్థమే పెట్టుకోండి. 'భవిష్యద్‌జ్ఞానము' అనే రాసుకోండి, అడిగితే సంధి నాకు తెలుసని చెప్పండి.