నాలుగో నిబంధన కొట్టెయ్యి, బుజ్జమ్మా

గుడివాడ,
బుధవారం

చి. బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నీకు హ్యామ్ (ఔత్సాహిక) రేడియో లైసెన్సూ, గాలిలో పేరుగా వాడుకునే కాల్ సైనూ వచ్చాయని మీ నాన్న చెప్పిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఆ మైకు పట్టుకుంటారన్న ఆశ ఎప్పుడో వదులుకున్నాను. చిన్నప్పుడు నా గదిలో రేడియో ముందు కూర్చుని, "పెదనాన్నా, ఈ గరగరలో మనిషి ఎక్కడున్నాడు?" అని అడిగేదానివి. ఇప్పుడు ఆ గరగరలోంచి నువ్వే మాట్లాడబోతున్నావు. అంతటితో ఆగకుండా రోజూ తెలుగులో ఒక నెట్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కూడి మాట్లాడుకునే సభ, నడుపుతావట. నడుపు తల్లీ. నీకు ఆ గొంతూ ఉంది, ఆ ఓపికా ఉంది.

అయితే నువ్వు ఫోనులో పంపిన నిబంధనలు చదివాక కలం పట్టుకోక తప్పలేదు. తొమ్మిదింటిలో ఎనిమిదింటితో నాకు పేచీ లేదు. నాలుగోది మాత్రం, "ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, సొంత కబుర్లు వద్దు" అన్నది చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. ఇంచుమించు అదే వాక్యం ఒకప్పుడు నేనూ రాశాను. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ముందు చిన్న పనులు కానిచ్చేస్తాను.

రాత్రి తొమ్మిదికి పెడతానన్నావు. వద్దు. 7 మెగాహెర్ట్జ్ మీద పొద్దుపోయేకొద్దీ దగ్గరి స్టేషన్లు మాయమై దూరదేశాలవాళ్ళు వినిపిస్తారు. పైనున్న అయనోమండలం పలచబడి, నిట్టనిలువుగా వెళ్ళిన తరంగాన్ని తిప్పి పంపలేకపోతుంది. ఏటవాలుగా వెళ్ళినదే తిరిగి వస్తుంది, అదీ ఎక్కడో దూరాన దిగుతుంది. వరంగల్‌లో ఉన్న నీకు విజయవాడ వినపడక ఇండోనేషియా వినపడితే తెలుగు నెట్ ఏం నడుస్తుంది? ఎండ కాస్త ఎక్కాక పెట్టు. ఏడుంపావు మంచి వేళ.

డైపోల్ యాంటెన్నాకు ఒక్కో వైపు 10 మీటర్ల పైచిలుకు తీగ పడుతుంది. కాస్త పొడవుగానే కోసి, తర్వాత యాంటెన్నా కొలిచే మీటరు చూసుకుంటూ తగ్గించుకో. పొట్టిదైతే అతుకు వేయాలి. ఎక్కడ కట్టినా కరెంటు తీగల ఛాయలకు పోవద్దు. తెగి పడినా వాటిని తాకనంత దూరంలో ఉండాలి. మేడ మీదికి ఒంటరిగా ఎక్కకు. మబ్బు పట్టగానే, ఉరుము వినిపించకముందే యాంటెన్నా కేబుల్ పీకి బయట పెట్టు, రేడియో పోతుందేమోనన్న బెంగతో మళ్ళీ మేడెక్కకు. లాగ్ పుస్తకంలో, అంటే ఎవరితో ఎప్పుడు మాట్లాడావో రాసుకునే దాంట్లో, టైము ప్రపంచమంతటికీ ఒకటైన యూటీసీలో రాయి, మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసెయ్యాలి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినవాళ్ళే నిర్లక్ష్యం చేస్తారు కనుక మళ్ళీ రాశాను.

ఇంకొకటి, నువ్వు ఆడపిల్లవు కాబట్టి రాస్తున్నాను, కోప్పడకు. గాలిలో మాట్లాడేది నలుగురితోనే అయినా వినేవాళ్ళు ఎందరో మనకు తెలియదు. ఊరి పేరు చెప్పు, వీధి పేరు చెప్పకు. ఇంట్లో ఒక్కదానివే ఉన్నానని ఎప్పుడూ అనకు. ఎవరైనా అదే పనిగా నీ కాల్ సైన్ పట్టుకుని పిలుస్తూ ఇబ్బంది పెడితే మర్యాద కోసం జవాబివ్వక్కరలేదు. నాబు తిప్పేసి వెళ్ళిపో. తేదీ, టైము రాసిపెట్టి నాకు చెప్పు.

ఇక అసలు సంగతి.

1996లో మా పొద్దుటి నెట్‌కు నేనే కంట్రోల్, అంటే వంతులవారీగా అందరినీ పిలిచేవాణ్ణి. మొదట్లో ఏడెనిమిది మందిమి. ఒక్కొక్కరినీ పిలవడం, వాళ్ళు సిగ్నల్ ఎలా ఉందో చెప్పి, యాంటెన్నా కబుర్లో, వంకాయ నారు కబుర్లో చెప్పి ముగించడం, ఇలా హాయిగా సాగేది. రెండేళ్ళు తిరిగేసరికి ఇరవై మంది దాటారు. నాకు ఎనిమిదిన్నరకల్లా బడిలో ఉండాలి. రౌండు పూర్తి కాకుండానే చొక్కా వేసుకుంటూ మైకు పట్టుకునేవాణ్ణి. అప్పుడు పెట్టాను నిబంధన: ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం, పనికొచ్చే విషయం మాత్రమే. కంట్రోల్ అన్న మాట నా తలకెక్కింది కూడా. అది ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు కష్టం లేదు.

తుని నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేసి రిటైరైనవారు. సెట్టు ఆయనే కట్టుకున్నారు, సిగ్నల్ ఎప్పుడూ సన్నగా, కొంచెం వణుకుతూ వచ్చేది. ఆయన వంతు వస్తే ముందు ఆకాశం ఎలా ఉందో చెప్పేవారు. తర్వాత కాఫీ, తర్వాత పెరటి మల్లెపాదు, ఎదురింటి పిల్లవాడి లెక్కల మార్కులు. ఆరేడు నిమిషాలకు తక్కువ కాదు. భార్య పోయి అప్పటికి ఏడాదైందని మాకు తెలుసు. తెలిసినా దాన్నీ దీన్నీ కలిపి చూసే తెలివి నాకు లేకపోయింది.

ఒక సోమవారం ఆయన, "ఇవాళ మా పెరట్లో ఒక చిత్రం జరిగిందండీ" అని మొదలుపెట్టారు. నేను మధ్యలో మైకు నొక్కాను. "మాస్టారూ, టైము లేదు, ఇంకా పదకొండు మంది ఉన్నారు, సిగ్నల్ రిపోర్టు ఇచ్చి ముగించండి" అన్నాను. అందరూ వింటుండగా అన్నాను. అప్పటి నా గొంతు ఇప్పటికీ నాకు గుర్తుంది, బడిలో అల్లరి పిల్లల మీద వాడే గొంతు అది.

కొంచెంసేపు గరగర తప్ప ఏమీ రాలేదు. తర్వాత మాట కాదు, మోర్స్ మీట చప్పుడు వచ్చింది. రెండు గీతలు, మూడు చుక్కలు. మూడు చుక్కలు, రెండు గీతలు. 73. శుభాకాంక్షలతో సెలవు అని మనం చెప్పుకునే మాట. నేను దాన్ని లాగ్‌లో రాసుకుని తర్వాతి వాణ్ణి పిలిచాను.

మర్నాడు ఆయన రాలేదు. వారం రాలేదు. ఎవరో అడిగితే, ఊరెళ్ళి ఉంటారన్నాను. నెలలు గడిచాయి. రౌండు మాత్రం ముప్పావు గంటలో పూర్తయ్యేది, బడికి వేళకు వెళ్ళేవాణ్ణి.

ఎనిమిది నెలల తర్వాత అన్నవరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం, మీ పెద్దమ్మా నేనూ. తుని అక్కడికి దగ్గరే. ఇంతదూరం వచ్చి చూడకుండా పోతావా అని మీ పెద్దమ్మే బస్సెక్కించింది. వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను కాల్ సైన్ చెప్పగానే లేచి నిలబడి రెండు చేతులూ పట్టుకున్నారు. మంచినీళ్ళిచ్చి, మొదట అడిగిన మాట, "మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందండీ? వాపు తగ్గిందన్నారు కదా మొన్న."

మొన్న అంటే, ఆ వారమే నేను నెట్‌లో ఇంకెవరితోనో అన్న మాట.

లోపల బల్ల మీద లాగ్ పుస్తకం తెరిచి ఉంది. అడక్కుండానే చూశాను, తప్పే. ఎనిమిది నెలలు, ఒక్క రోజు విడవకుండా, గుండ్రటి అక్షరాలతో టైము, ఫ్రీక్వెన్సీ, ఆ రోజు వచ్చినవాళ్ళందరి కాల్ సైన్లు, పక్కన ఒకే మాట: "విన్నాను." కొన్నిచోట్ల దాని కింద చిన్నగా, "అందరూ క్షేమం."

నేను క్షమించమన్నాను. "అయ్యో, మీరన్నది న్యాయమే కదండీ, అంతమందికి టైము చాలాలి కదా" అన్నారు. ఆ రోజు పెరట్లో జరిగిన చిత్రమేమిటో చెప్పమని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అంత చెప్పుకోదగ్గదేమీ కాదు లెండి" అన్నారు. మళ్ళీ నెట్‌కు వచ్చారు. నా కోసమే వచ్చారు. కానీ ఆ తర్వాత అయిదేళ్ళూ ఆయన సిగ్నల్ రిపోర్టు, ఆకాశం నిర్మలం, 73, ఇంతే. నిమిషం కూడా పట్టేది కాదు. నేను ఎంత గుచ్చి అడిగినా మల్లెపాదు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి మూసుకున్న మనిషిని తెరిపించే నిబంధన ఏదీ నాకు దొరకలేదు, బుజ్జమ్మా.

ఒకరోజు ఒక మనిషి వినపడకపోతే ఇంత కంగారెందుకని మీ నాన్న నన్ను అడుగుతుంటాడు. వాడికి గుర్తుండదు, అప్పటికి చంటివాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా దొడ్డమ్మ వాళ్ళది నాగాయలంక దగ్గర పల్లె. దివిసీమలో వేలమంది పోయారని మాత్రం తెలిసింది. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, దారుల నిండా చెట్లూ పశువుల కళేబరాలూ. మీ తాతయ్య సైకిలు మీద కొంత, సైకిలు భుజాన వేసుకుని కొంత వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దొడ్డమ్మ బతికింది. ఆమె చిన్నకొడుకు బతకలేదు, వాడికీ నాకూ ఒకటే వయసు. నేను ఈ రేడియో పిచ్చిలో పడింది అందుకే. మనిషి అలికిడి తెలియకపోవడమంటే నాకు ఇప్పటికీ భయం.

2004లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌కు వెళ్ళింది. వెళ్ళింది సరదాకే. హ్యామ్‌లకు ఎన్నో ఏళ్ళుగా దొరకని ఆ దీవుల నుంచి ప్రపంచమంతటితో మాట్లాడటానికే. డిసెంబరు 26న సునామీ వచ్చింది. అంతదాకా కాల్ సైన్లూ పలకరింపులూ పంపిన ఆ రేడియోలే క్షేమ సమాచారాలు మోశాయి. ఆ రోజుల్లో నేను ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తీయలేదు. కష్టం వచ్చినప్పుడు ఒక గొంతు వణికితే అది భయమో, ఎప్పుడూ ఉండే వణుకో తెలియాలంటే, ఆ గొంతు మామూలు రోజుల్లో కాఫీ గురించి ఎలా మాట్లాడుతుందో విని ఉండాలి కదా.

కాబట్టి నాలుగో నిబంధన కొట్టెయ్యి. నీకు టైము సమస్య ఉంటుంది, నాకు తెలుసు. దానికి నేను ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి ఇది. మొదట, సిగ్నల్ సన్నగా వచ్చేవాళ్ళను పిలువు, పొద్దెక్కితే వాళ్ళు మళ్ళీ దొరక్కపోవచ్చు. తర్వాత ఆఫీసులకూ బడులకూ పోయేవాళ్ళను. తీరిక ఉన్నవాళ్ళను చివర్లో పిలిచి, నువ్వు పనికి వెళ్ళాలంటే కంట్రోల్ వాళ్ళలో ఒకరికి అప్పగించి వెళ్ళు. మధ్యాహ్నం దాకా మాట్లాడుకోనీ. వ్యాపారం వద్దని లైసెన్సు నిబంధనలే చెబుతున్నాయి, రాజకీయం, మతం కూడా వద్దు, అది నువ్వు గట్టిగానే పట్టు. వంకాయ నారు వాటి కిందికి రాదు.

ఒకరు "ఓవర్" అనగానే మైకు నొక్కకు. రెండు క్షణాలు ఖాళీ వదులు. ఎవరికైనా అత్యవసరమైతే ఆ సందులోనే "బ్రేక్" అనగలుగుతారు. మాట వినపడకపోయినా మొహమాటానికి "ఫైవ్ నైన్", అంటే సిగ్నల్ స్పష్టంగా, బలంగా ఉంది అని చెప్పే అలవాటు చేసుకోకు. అది అబద్ధం, పైగా అవతలివాడు తన యాంటెన్నా బాగుందనుకుని ఏడాదంతా అలాగే ఉంచేస్తాడు. కొత్తవాళ్ళు తప్పు చేస్తే గాలిలో దిద్దకు, తర్వాత ఫోన్ చేసి చెప్పు.

లాగ్ పుస్తకం పక్కన ఇంకో నోటుబుక్కు పెట్టుకో. ఎవరేమన్నారో ఒక్క ముక్క రాసుకో: ఫలానావారి అమ్మాయికి పరీక్షలు, ఫలానావారింట్లో ఆవు ఈనింది. మర్నాడు అదే అడుగు. మూడు రోజులు వరసగా ఎవరైనా వినపడకపోతే ఊరెళ్ళి ఉంటారని అనుకోకు. ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి. ఫోన్ ఎత్తకపోతే ఆ ఊళ్ళో ఇంకెవరున్నారో చూసి పంపించు. ఇందులో మాత్రం నా మాట తీసెయ్యకు.

కొబ్బరి తాడు చుట్ట ఒకటీ, నా పాత మోర్స్ మీట ఒకటీ మీ నాన్నతో పంపుతున్నాను. మీట స్క్రూ కొంచెం వదులు, బిగించి వాడు. మీ పెద్దమ్మ సున్నుండలు కూడా పెట్టింది, అన్నీ ఒక్కరోజే తినెయ్యకు.

మొదటి రోజు ఏడుంపావుకు నేను ఫ్రీక్వెన్సీ మీద ఉంటాను. నన్ను చివర్లోనే పిలువు. మన పెరటి సపోటా చెట్టు మీద ఈ వారం ఒక జంట గూడు కడుతోంది, ఏ పిట్టో ఇంకా పోల్చుకోలేకపోతున్నాం. ఆ సంగతి మొత్తం చెప్పడానికి నాకు పది నిమిషాలైనా పడుతుంది.

73,
మీ పెదనాన్న